993 కొనాలా, కోకాపేటలో ప్లాటా? పాత స్పోర్ట్స్ కార్ల రేట్లు చూస్తే మతి పోతోంది

ఫ్రిస్కో_ఫణి:
అందరికీ నమస్తే. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. పోర్షే 911లో 993 మోడల్ మీద కాలేజీ రోజుల నుంచి మనసుంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మామూలు 993 కరేరా, కొత్త క్యామ్రీ మీద కాస్త ఎక్కువ పెడితే దొరికేది, అప్పుడు నా దగ్గర డబ్బు లేదు. ఇప్పుడు డబ్బు ఉంది గానీ మంచి కండిషన్‌లో ఉన్న మాన్యువల్ కారుకి లక్ష డాలర్ల పైనే అడుగుతున్నారు. మా మామగారేమో ఆ డబ్బు కోకాపేటలో పెట్టమంటున్నారు. "పాత కారుకి ఎవరైనా ఎక్కువ ఇస్తారా బాబూ" అని ఆయన వాదన, ఇస్తున్నారని చెబితే నమ్మడం లేదు.

ఇంకో పక్క వార్తలు చూస్తే 2025 ఫిబ్రవరిలో ఒక్క వారంలోనే మెర్సిడెస్ డబ్ల్యూ196 రేసు కారు 5.1 కోట్ల యూరోలకి, ఫెరారీ 250 ఎల్ఎం దాదాపు 3.5 కోట్ల యూరోలకి పోయాయి. ఈ పెరుగుదల నిజమా, బుడగా? తెలిసినవాళ్లు చెప్పండి. "నచ్చితే కొనెయ్ బ్రో" లాంటి సలహాలు వద్దు, అవి మా ఫ్రెండ్స్ ఆల్రెడీ ఇచ్చేశారు.

గేర్‌బాక్స్_గిరి:
ఫణి గారూ, ముందు ఆ కోట్ల వార్తల్ని మీ 993 పక్కన పెట్టి చూడటం మానేయండి. ఆ డబ్ల్యూ196 ఆ రోజుల్లో మేటి రేసర్లు ఫాంజియో, స్టిర్లింగ్ మాస్ ఇద్దరూ నడిపిన కారు. ఆ 250 ఎల్ఎం 1965లో లే మాన్ 24 గంటల రేసు గెలిచిన కారు, దాని తర్వాత ఫెరారీకి అక్కడ మళ్లీ మొదటి స్థానం రావడానికి 2023 దాకా పట్టింది. రెండూ ఇండియానాపొలిస్ స్పీడ్‌వే మ్యూజియం అమ్మినవే. అలాంటివి జీవితంలో ఒక్కసారి బయటికి వస్తాయి, కొనేవాడికి పక్క షాపులో రేటు ఎంతో కనుక్కునే వీలే లేదు.

అసలు రేట్ల సంగతి అర్థం కావాలంటే ఫెరారీ 250 జీటీవో కథ చూడాలి. 1962 నుంచి 64 దాకా 36 తయారయ్యాయి, 4 లీటర్ల ఇంజిన్ వాటిని కలిపితే 39 అని కొందరి లెక్క. అమెరికాలో కొత్తదాని ధర 18 వేల డాలర్ల చుట్టూ. రేసుల్లో పాతబడ్డాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మీ టెక్సాస్‌లోనే విక్టోరియా అనే ఊళ్లో హైస్కూలుకి ఒక జీటీవోని దానంగా ఇచ్చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకుంటారని. 1972లో స్కూలు దాన్ని 6,500 డాలర్లకి అమ్మేసింది. కొన్నాయన ఒహాయోలో ఆరుబయట ట్రెయిలర్ మీద పెట్టి ఏళ్ల తరబడి ఎండకీ మంచుకీ వదిలేశాడు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1970లలో ఇంకో జీటీవోని సుమారు 35 వేల పౌండ్లకి కొని ఇప్పటికీ దగ్గరే ఉంచుకున్నాడు. ఇక వేలంపాటల్లో చూస్తే 2014లో ఒకటి 3.81 కోట్ల డాలర్లు, 2018లో ఇంకొకటి 4.84 కోట్లు, 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో మరొకటి 5.17 కోట్లు.

గమనించండి, స్కూలు 6,500కి అమ్మిన రోజున కూడా ప్రపంచంలో ఉన్నవి ఆ 36 మాత్రమే. అరుదైనది కాబట్టి ఖరీదు అని అందరూ అంటారు, మరి అప్పుడెందుకు లేదు?

బెజవాడ_బుల్లెట్:
6,500 డాలర్లా!! ఆ స్కూల్లో సంతకం పెట్టిన హెడ్మాస్టర్ గారిని తలుచుకుంటేనే నాకు బీపీ పెరుగుతోంది.

లెక్కల_లక్ష్మి:
గిరి గారూ, 1972 నుంచి ఒక్క అంగలో 2014కి వచ్చేశారు. మధ్యలో ఉన్నదే ఫణి గారికి కావలసింది.

1980ల చివర్లో జపాన్‌లో డబ్బు పొంగి పొర్లుతున్నప్పుడు అదే జీటీవో కోటి డాలర్లు దాటింది. 90ల మధ్యకి వచ్చేసరికి అందులో మూడో వంతు కూడా పలకలేదు. ఫెరారీ ఎఫ్40 సంగతీ అంతే. కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన ఆఖరి కారు, 1988 ఆగస్టులో ఆయన పోయాక జనం ఎగబడ్డారు, షోరూమ్ ధరకి ఎన్నో రెట్లు పెట్టి చేతులు మార్చుకున్నారు. కంపెనీ మొదట 400 అనుకుని చివరికి 1,300 పైచిలుకు చేసింది. ఆపైన మాంద్యం వచ్చింది. అప్పు తీసుకుని కొన్నవాళ్ల పరిస్థితి మీరే ఊహించుకోండి.

జాగ్వార్ ఎక్స్‌జే220 ఇంకా చిత్రం. 50 వేల పౌండ్లు అడ్వాన్స్ కట్టి క్యూలో నిలబడినవాళ్లే, 1992లో కారు చేతికొచ్చే వేళకి మార్కెట్ పడిపోవడంతో వద్దు బాబోయ్ అన్నారు. వీ12 అని చెప్పి వీ6 ఇచ్చారని ఒక వాదన, అది నిజమే, కానీ రేట్లు పెరుగుతూ ఉంటే ఎవరూ సిలిండర్లు లెక్కపెట్టేవాళ్లు కాదు. కోర్టుల దాకా వెళ్లారు. తయారైనవి 300 లోపే, గంటకి 340 కిలోమీటర్లు దాటే వేగం, అయినా చాలా ఏళ్లు అసలు ధరలో సగానికి కూడా అడిగే దిక్కు లేదు.

ఇక ఖర్చులు. పెద్ద వేలం సంస్థల్లో పాడిన మొత్తం మీద కొనేవాళ్లు ఇంకో 10-12 శాతం కట్టాలి. ఇన్సూరెన్స్, ఏసీ ఉన్న గ్యారేజీ అద్దె, ఏటా సర్వీసు. అమెరికాలో ఇలాంటి సేకరణ వస్తువుల మీద దీర్ఘకాల లాభానికి పన్ను 28 శాతం వరకూ ఉంటుంది, షేర్ల మీద అయితే గరిష్ఠంగా 20. మేముండే బ్రిటన్‌లో మాత్రం సొంత కారు మీద వచ్చిన లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో కారు అరిగిపోయే వస్తువు. లండన్‌లో ఇంత మంది పాత కార్లు కొని దాచడానికి ఇదీ ఒక కారణమే. మీ మామగారి మాటని మరీ కొట్టిపారేయకండి.

ఫ్రిస్కో_ఫణి:
28 శాతం సంగతి నాకు తెలియదు, థాంక్స్ లక్ష్మి గారూ. ఇది మామగారికి చెప్పను.

నగోయా_నాని:
ఇక్కడ జపాన్ వైపు నుంచి ఒక మాట. పెరుగుదల చూడాలంటే ఫెరారీ దాకా ఎందుకు, నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీఆర్ చూడండి. 1999 నుంచి 2002 దాకా సుమారు 11,500 తయారయ్యాయి, అంటే అంత అరుదేమీ కాదు. నేను వచ్చిన కొత్తలో కుర్రాళ్లు లోన్ మీద కొనుక్కునేవాళ్లు. ఇప్పుడు మంచి వీ-స్పెక్ (అందులోనే పై రకం) అయితే మా ఆఫీసులో మేనేజర్ కూడా దాని వైపు చూడడు.

కారణం అమెరికా చట్టం. అక్కడి రూల్స్ ప్రకారం తయారు కాని కారుని 25 ఏళ్లు నిండితేనే మామూలుగా దించుకోనిస్తారు, అదీ తయారైన నెల నుంచి లెక్క. ఆర్32కి 2014లో తలుపు తెరుచుకుంది, ఆర్34కి 2024 జనవరిలో. చిన్నప్పుడు వీడియో గేముల్లో నడిపినవాళ్లంతా మీ దగ్గర ఇప్పుడు నలభైల్లో ఉన్నారు, చేతిలో జీతం ఉంది. 2024 కంటే చాలా ముందే డీలర్లు ఇక్కడ కొని గోదాముల్లో దాచిపెట్టారు. కెనడాకి 15 ఏళ్లే కాబట్టి కొన్ని ముందే అటు వెళ్లిపోయాయి. పాపం ఇక్కడి లోకల్ అభిమానులకి మిగిలింది వేలం షీట్ల (వేలంలో కారు కండిషన్ రాసిచ్చే కాయితాల) ఫొటోలు.

ఎవరైనా కొనేవాళ్లుంటే ఒక జాగ్రత్త: ఛాసిస్ నంబర్ బీఎన్ఆర్34తో మొదలైతేనే జీటీఆర్. ఈఆర్34 అంటే మామూలు జీటీ-టర్బో, దానికి జీటీఆర్ బంపర్లూ బాడ్జీలూ తగిలించి అమ్మేవాళ్లు దండిగా ఉన్నారు. వేలం షీట్‌లో గ్రేడ్ దగ్గర 'ఆర్' అని ఉంటే యాక్సిడెంట్ రిపేర్ జరిగిన కారు. షీట్ ఇవ్వనివాడి దగ్గర కొనకండి, అంతే.

బెజవాడ_బుల్లెట్:
నాని అన్న చెప్పినదాంట్లోనే గిరి గారి ప్రశ్నకి సమాధానం ఉంది. 1972లో 250 జీటీవో పోస్టర్ గోడ మీద అంటించుకున్న పిల్లాడి దగ్గర డబ్బు లేదు, వాడికి యాభై ఏళ్లు వచ్చాక ఉంది. ఇప్పుడు 90ల పిల్లల వంతు. అందుకే ఎఫ్40, మెక్‌లారెన్ ఎఫ్1, సూప్రా, ఆర్34. మన పిల్లల టైమ్‌కి దేని మీద పడతారో? ఎలక్ట్రిక్ కారు పోస్టర్ ఎవడైనా అంటిస్తాడా?

గేర్‌బాక్స్_గిరి:
కరెక్ట్. దీనికి ఇంకో ముక్క కలపాలి, మాన్యువల్ గేర్లు. ఫెరారీ క్లచ్ పెడల్ కార్లని 2012 ప్రాంతంలో పూర్తిగా ఆపేసింది. 599 మోడల్లో మాన్యువల్ కొన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద 30 మంది వరకే, అప్పట్లో వాళ్లని పాతకాలం మనుషులు అనుకున్నారు. ఇవాళ అదే కారు ప్యాడిల్ షిఫ్ట్‌లో (స్టీరింగ్ దగ్గర మీటలతో గేర్లు మార్చేది) ఒక రేటు, మాన్యువల్ అయితే దానికి కొన్ని రెట్లు. కొందరు డబ్బు పోసి ఆటోమేటిక్ గేర్ డబ్బా పీకేసి మాన్యువల్ పెట్టించుకుంటున్నారు కూడా. కంపెనీ ఇక చేయదు అన్న భయం దేనికైనా రేటు పెంచుతుంది. 993కి జరిగిందీ అదేగా, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ఆఖరి 911.

లెక్సస్ ఎల్ఎఫ్ఏ గుర్తుందా? 500 మాత్రమే, 3,75,000 డాలర్లు. "లెక్సస్‌కి అంత ఎందుకు" అని నవ్వారు, 2012లో తయారీ ఆగిపోయాక కూడా అయిదేళ్ల పాటు అమెరికా షోరూముల్లో కొత్తవి అమ్ముడుపోకుండా మిగిలాయి! ఇప్పుడు అవే దాదాపు పది లక్షల డాలర్ల దగ్గర ఉన్నాయి. ఆ వీ10 శబ్దం ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల_లక్ష్మి:
గెలిచినవి మాత్రమే చెబితే ఎలా? 2016లో పోర్షే 911 ఆర్ వచ్చింది, 991 కార్లు, ధర సుమారు 1,85,000 డాలర్లు, మాన్యువల్ ఒక్కటే. కొద్ది నెలల్లోనే పది లక్షలు అడిగిన అమ్మకందార్లు ఉన్నారు. మరుసటి ఏడాది పోర్షే దాదాపు అలాంటిదే జీటీ3 టూరింగ్ పేరుతో పరిమితి లేకుండా తెచ్చేసరికి గాలి తీసినట్టయింది. ఈ ఆటలో కంపెనీలు కూడా ఒక పక్షమే అని మర్చిపోకూడదు. ఎవరికి అమ్మాలో, ఎన్నాళ్లు అమ్మకూడదో వాళ్లే చెబుతారు. ఫోర్డ్ జీటీని రెండేళ్ల గడువు లోపే అమ్మినందుకు కుస్తీ వీరుడు జాన్ సీనా మీద ఫోర్డ్ 2017లో కేసు వేసింది కదా, మరుసటి ఏడాది రాజీ కుదిరింది.

అలాగే 2022 తర్వాత అమెరికాలో మధ్య తరహా పాత కార్ల రేట్లు చల్లబడ్డాయి. వార్తల్లోకి వచ్చేది మాత్రం రికార్డులే.

మణికొండ_మనోజ్:
హైదరాబాద్ నుంచి అడుగుతున్నా, ఫణి అన్నా ఆ 993ని ఎప్పటికైనా ఇక్కడికి తెచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. మన దేశంలోకి మామూలుగా సెకండ్ హ్యాండ్ కారు రావాలంటే మూడేళ్ల లోపు వయసుండాలి, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. నీది రెండు విధాలా ఫెయిల్. ఇక సుంకాలన్నీ కలిపితే కారు ధర కంటే ఎక్కువే అవుతుంది. సచిన్‌కే తప్పలేదు! 2002లో బ్రాడ్‌మన్ 29 సెంచరీలు సమం చేసినందుకు ఫార్ములా వన్ రేసర్ షూమాకర్ చేతుల మీదుగా ఫెరారీ 360 మోడెనా ఇచ్చారు, కోటి పైచిలుకు సుంకం మినహాయింపు మీద దేశమంతా గొడవ, చివరికి ఆ డబ్బు ఫెరారీ యజమాని ఫియట్ కంపెనీ కట్టింది, 2011లో ఆయన కారు సూరత్ వాళ్లకి అమ్మేశాడు.

ఇక్కడే ఉన్న పాత బండ్లకి మాత్రం 2021 నుంచి వేరే రిజిస్ట్రేషన్ ఉంది. 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉంటే నంబర్లో 'వీఏ' అక్షరాలు ఇస్తారు, ఫీజు 20 వేలు, పదేళ్లకి చెల్లుతుంది, రోజూ తిప్పడానికి వీల్లేదు. మన దగ్గర ఈ జ్వరం కార్ల కంటే రాజ్‌దూత్ ఆర్డీ350 బైకు మీద ఎక్కువ. కొత్తగా ఉన్నప్పుడు మైలేజీ ఇవ్వదని ఎవరూ కొనలేదు, దొరికినవాళ్లు ముక్కలు చేసి స్పేర్ పార్టులుగా అమ్మేశారు. ఇప్పుడు కాయితాలు సరిగ్గా ఉన్న బండి కోసం లక్షలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎల్ఎఫ్ఏ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

తెనాలి_టర్బో:
ఇంతసేపూ రేట్లేనా? ఒక్కరు కూడా నడపడం గురించి మాట్లాడరేం? పదేళ్లు గోదాంలో పెట్టి, దుప్పటి కప్పి, మీటర్ మీద 400 మైళ్లు చూపించి అమ్మడానికి కారెందుకు, బంగారం బిస్కెట్లు కొనుక్కోవచ్చుగా. అసలు కార్లంటే ఇష్టమున్న మామూలు మనిషికి అందకుండా చేసింది ఈ పెట్టుబడి గాళ్లే. కోపం వచ్చినా పర్లేదు, రాసేశా.

స్టట్‌గార్ట్_శేఖర్:
టర్బో గారి కోపం న్యాయమే, పైగా గోదాంలో పెడితే కారు బాగుంటుందనేది కూడా తప్పు. ఎఫ్40లో పెట్రోల్ ట్యాంకులు రబ్బరు సంచులు, నడిపినా నడపకపోయినా పదేళ్లకోసారి మార్చాల్సిందే. టెస్టరోసా, ఎఫ్355ల్లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి, అది కూడా కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క మీద. టైర్లు గట్టిపడతాయి, సీళ్లు ఎండిపోతాయి.

ఎక్కువ తిప్పితే విలువ పోతుందని కూడా ఏమీ లేదు. నటుడు రోవన్ అట్కిన్సన్ 1997లో మెక్‌లారెన్ ఎఫ్1ని 5,40,000 పౌండ్లకి కొని 41 వేల మైళ్లు నడిపాడు, రెండుసార్లు గుద్దాడు. 2011లో రెండోసారి కారు చెట్టుని కొట్టి మంటలు కూడా అంటుకున్నాయి, ఇన్సూరెన్స్ వాళ్లు రిపేరుకి 9 లక్షల పౌండ్ల పైన కట్టారు, బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. అయినా 2015లో 80 లక్షల పౌండ్లకి అమ్మాడు. మొత్తం 106 తయారైన కారు, రోడ్డు మీద నడిచే మోడల్ అయితే 64. తక్కువ నడిచిన దానికి ఇంకా ఎక్కువ వస్తుంది, ఒప్పుకుంటాను, 2021లో ఒకటి 2.04 కోట్ల డాలర్లు పలికింది. కానీ అట్కిన్సన్‌కి దక్కిన పద్దెనిమిదేళ్ల డ్రైవింగ్ ఆ కొన్నాయనకి దక్కలేదు.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. 2022 మేలో ఇక్కడి మెర్సిడెస్ మ్యూజియంలో పిలిచిన కొద్దిమంది మధ్యే పాట పెట్టి 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపేని 13.5 కోట్ల యూరోలకి అమ్మారు, మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. 1955లో చేసినవి రెండే, రెండోది కంపెనీ దగ్గరే ఉంది. వచ్చిన డబ్బుతో పిల్లల స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. ఊళ్లో పాత మెర్సిడెస్ ఉన్న ప్రతివాడూ ఆ తర్వాత కొన్నాళ్లు తన కారు వైపు వేరే రకంగా చూశాడు, డబ్ల్యూ123 డీజిల్ ట్యాక్సీలతో సహా.

గేర్‌బాక్స్_గిరి:
శేఖర్ గారూ, కాయితాల సంగతి కూడా రాయండి, కొత్తవాళ్లకి తెలియదు. 2015లో పారిస్‌లో బైయాన్ అనే కుటుంబం షెడ్లలో దొరికిన కార్లు వేలం వేశారు చూడండి, పాత పత్రికల కట్టల కింద పడున్న ఫెరారీ 250 కాలిఫోర్నియా స్పైడర్, నటుడు అలాన్ దెలోన్‌ది ఒకప్పుడు, దుమ్ము కూడా తుడవకుండా 1.6 కోట్ల యూరోలు దాటింది. ఆ దుమ్ముకే డబ్బు.

స్టట్‌గార్ట్_శేఖర్:
అవును, ఎవరూ చెయ్యి పెట్టలేదని దుమ్ము రుజువు చేస్తుంది. ఇంజిన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలవాలి, ఫెరారీ అయితే క్లాసికే విభాగం పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుంది. ఒక పాత ఛాసిస్ ప్లేటు చుట్టూ కొత్త కారు కట్టిన ఘనులు ఉన్నారు కాబట్టే ఇంత పట్టింపు.

ఫణి గారూ, మీ ప్రశ్నకి వస్తే, 993లు 68 వేల పైచిలుకు తయారయ్యాయి. టర్బో ఎస్, జీటీ2 లాంటివి వేరు, అవి అరుదైనవి. మీరు చూసే మామూలు కరేరా అరుదైన కారు కానే కాదు, చాలామందికి కావలసిన కారు, అంతే. ఇప్పుడు కొంటే పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం నిలబడుతుందని నా అంచనా, కోకాపేటతో పోటీ పడుతుందని మాత్రం అనను. ప్లాటుకి బదులుగా కొనేటట్టయితే వద్దు. ప్లాటు ఆల్రెడీ ఉండి, ఆదివారం పొద్దున్న నడపడానికి అయితే వెతకండి.

లెక్కల_లక్ష్మి:
శేఖర్ గారితో ఏకీభవిస్తున్నాను. అప్పు చేసి మాత్రం వద్దు.

ఫ్రిస్కో_ఫణి:
అందరికీ చాలా థాంక్స్. ప్లాటు ఒకటి ఉంది లెండి, మామగారు అడిగేది రెండోది. హ్యూస్టన్‌లో 1997 కరేరా 2 ఒకటి అమ్మకానికి ఉంది, వెండి రంగు, మాన్యువల్, లక్ష మైళ్లకి కాస్త తక్కువ నడిచింది, రశీదులన్నీ ఫైలు కట్టి పెట్టాడు. రేటు మిగతావాటి కంటే తక్కువ చెబుతున్నాడు, అదే అనుమానంగా ఉంది. వచ్చే శనివారం చూడటానికి వెళ్తున్నా. ఏం చూడాలి?

స్టట్‌గార్ట్_శేఖర్:
ముందు అద్దాల చుట్టూ చూడండి, ముందు అద్దం రబ్బరు కింద తుప్పు 993లకి మామూలు జబ్బు, పెయింటు కింద చిన్న బుడగలా కనిపిస్తుంది గానీ అద్దం పీకితే గానీ అసలు రూపం తెలియదు. 1996 నుంచి అమెరికాకి వచ్చిన వాటిలో సెకండరీ ఎయిర్ దారులు (పొగ శుభ్రం చేయడానికి అదనంగా గాలి పంపే సన్నని దారులు) మసి పట్టి మూసుకుపోయి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అమ్మేముందు కోడ్ చెరిపేసి ఆ లైటు ఆర్పేస్తారు, కాబట్టి స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో చూడమనండి. అవి పూర్తి కాలేదంటే మొన్ననే చెరిపారని అర్థం. వాల్వ్ గైడ్లు అరిగి ఆ మసి వస్తుంటే ఇంజిన్ పై భాగం విప్పాల్సిందే, పదివేల డాలర్ల పైనే వదులుతుంది, తక్కువ రేటుకి కారణం అదే అయ్యుండొచ్చు. కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసేవి) అమ్మేవాడి మెకానిక్ దగ్గర కాకుండా వేరే చోట చేయించండి. ఒప్పుకోకపోతే వెనక్కి తిరిగి వచ్చేయండి.

నగోయా_నాని:
రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టు అన్నా. ఫొటోలు కూడా, ముఖ్యంగా కింది నుంచి తీసినవి.

బెజవాడ_బుల్లెట్:
మామగారిని కూడా తీసుకెళ్లండి, బేరం ఆయన చేస్తారు.